క్లచ్ లేని కారు

మార్చి 3

అక్కా,

ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క నాన్న కారు తప్ప. నవంబరులో నీ దగ్గర్నుంచి లాక్కొచ్చినప్పుడు నెలలో బాగుచేసి పంపుతానన్నాను. నాలుగు నెలలైంది. విషయం తేల్చి చెబుదామని ఈ ఉత్తరం. ఫోన్లో అయితే నువ్వు నన్ను పూర్తిచెయ్యనివ్వవు.

ఆ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పని అయిపోయింది. ఎర్రగా ఉండాల్సిన నూనె నల్లగా, మాడిన వాసనతో వచ్చింది. రెండో గేరులో ఇంజను అరుస్తుంది తప్ప బండి కదలదు. దానికి సామాన్లు దొరకవు. తయారీ ఆపేసి ఇరవై ఏళ్ళు దాటింది. అందుకని పాత ఇనుము యార్డులో అదే మోడల్ కారుది మామూలు గేర్‌బాక్సు, క్లచ్‌తో సహా కనిపిస్తే పట్టుకొచ్చాను. క్లచ్ పెడల్ కోసం అడుగు రేకులో కన్నం కూడా కోశాను. వచ్చే నెలకి కారు రోడ్డు మీద ఉంటుంది.

నువ్వు కారు వదిలేశావని పిన్ని చెప్పింది. మంచి పని చేశావు. యాభై మూడేళ్ళొచ్చాయి, ఆ ఎడమకాలితో ఇంకా ఎన్నాళ్ళు అవస్థ పడతావు? కారు నా దగ్గరే ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడల్లా ఎక్కడికంటే అక్కడికి తిప్పుతాను.

మా బస్సు డిపోలో కొత్త మేనేజరు వచ్చాడు. ప్రతి స్పానరుకీ నంబరు చెక్కిస్తున్నాడు. రేపో మాపో మెకానిక్కులకీ చెక్కిస్తాడు. నీ మరదలు నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు


మార్చి 9

తమ్ముడికి,

నీ ఉత్తరంలో ఆరు అక్షరదోషాలున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న కళ్ళు ఇవి, మూసుకోమంటే మూసుకోవు. ఏడో తప్పు నువ్వు రేకులో కోసిన కన్నం.

పిన్నితో నేనన్న మాట 'కారు తమ్ముడికి ఇచ్చేశాను, బాగుచెయ్యడానికి' అని. ఆవిడకి ఒక చెవి పనిచెయ్యదని నీకూ తెలుసు. నా మాటలో రెండో సగం ఆ చెవి వైపు పోయినట్టుంది. నువ్వు నన్ను ఒక్క మాట అడక్కుండా రంపం పట్టుకున్నావు.

నాన్న ఆ కారు ఎందుకు కొన్నాడో మర్చిపోయావా? కంపెనీ వాళ్ళు పాత కార్లు మూడు తీసేస్తుంటే, అక్కడ డ్రైవరుగా ఉన్న నాన్నని ముందు ఏరుకోమన్నారు. మంచివి రెండున్నా, ఎడమకాలితో తొక్కే క్లచ్ లేని ఈ కారు ముందుకెళ్ళి నిలబడ్డాడు. తోటి డ్రైవర్లు నవ్వారు. క్లచ్ తొక్కనివాడు కూడా డ్రైవరేనా అన్నారు. ఆయన మాత్రం ఆ ఆదివారమే గోదాముల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. నాకప్పుడు పంతొమ్మిది. చిన్నప్పటి జ్వరంలో ఎడమకాలు చచ్చుబడ్డాక, ఎవరి భుజమూ పట్టుకోకుండా నేను వంద గజాలు కదిలింది ఆ సీటులోనే.

నవంబరు నుంచి బస్సులో వెళ్తున్నాను. బస్సు మెట్టు నా మోకాలంత ఎత్తు. కండక్టరు మంచివాడే. రోజూ నా రెక్క పట్టుకుని బస్తాని లాగినట్టు లోపలికి లాగుతాడు. నలుగురు ఒక్కసారే లేచి సీటిస్తారు. ఆ జాలి మీద కూర్చోలేక నిలబడే వెళ్తున్నాను.

ఆ కారులోకి ఆటోమేటిక్ గేర్‌బాక్సే వస్తుంది. నీకు చేతకాకపోతే నేను చేయిస్తాను. చేయించడమేంటి, చేస్తాను. కారు పంపెయ్. లోపల గేర్‌బాక్సు లేకపోయినా ఫరవాలేదు. బోల్టులన్నీ సంచిలో వేసి ఏది ఎక్కడిదో చీటీ కట్టు. మరదల్ని అడిగానని చెప్పు, నిన్ను అడగలేదని కూడా చెప్పు.

కారు వదలని
నీ అక్క


మార్చి 17

అక్కా,

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అమ్మ ఉన్నప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే.

ఇరవై ఏడేళ్ళుగా బస్సుల కింద బతుకుతున్నవాణ్ణి. నేను కుదరదన్నానంటే కుదరదనే. కామా తప్పిపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు. గేర్‌బాక్సులో తప్పు జరిగితే అది రోడ్డు మధ్యలో బయటపడుతుంది. అక్టోబరులో వంతెన ఎక్కుతుంటే కారు వెనక్కి జారిందని, వెనక లారీ ఉందని నువ్వు నాకు చెప్పలేదు. మీ ప్రెస్సు ఫోర్‌మన్ చెప్పాడు. ఆ కబురు విన్న రోజు నేను అన్నం తినలేదు. నీచేత కారు నడపడం మెల్లగా మాన్పిద్దామనుకున్నాను. నువ్వు మెల్లగా ఏదీ జరగనివ్వవు.

సరే. కారు సగం నీది, సగం నాది. లారీ మీద ఎక్కిస్తున్నాను. చీటీలు కట్టాను. నాలుగు నెలల తర్వాత మళ్ళీ నా దగ్గరికే పంపుతావు, చూస్తూ ఉండు.

తమ్ముడు


ఏప్రిల్ 6

అయ్యా డిపో మెకానిక్కు గారికి,

కారు చేరింది. బోల్టులు లెక్క సరిపోయాయి. కానీ తలుపు తీసేసరికి డ్రైవరు సీటులో, సరిగ్గా నేను కూర్చునే చోట, క్లచ్ పెడల్ ఉంది. దాన్ని అక్కడ పెట్టడానికి నీకు చేతులెలా వచ్చాయి? చిన్నప్పుడు బడిలో ఎవరైనా నా నడకని వెక్కిరిస్తే రాళ్ళు పుచ్చుకుని వెంటపడేవాడివి. ఇప్పుడు నువ్వే వెక్కిరిస్తున్నావు.

నేను ఎక్కడిదాకా వచ్చానో విను. ప్రెస్సు వెనక కాగితం చుట్టలు పెట్టే షెడ్డు ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాను. పార్సిళ్ళు మోసే వ్యాను ఒకటి వెనక నుంచి దెబ్బతిని తుక్కుకి వచ్చింది. దాని ఆటోమేటిక్ గేర్‌బాక్సు చెక్కుచెదరలేదు. పాతదానికి మూడు గేర్లు, దీనికి నాలుగు. మన ఇంజను మొహానికీ దాని మొహానికీ బోల్టు కన్నాలు కలవవు. అందుకని మధ్యలో దళసరి అల్యూమినియం పలక ఒకటి రావాలి. మా ప్రెస్సు రోలర్లు చెక్కి నునుపుచేసే లేత్ మేస్త్రీ ఎదురు వీధిలోనే ఉంటాడు. పలచటి కాగితం పరిచి రెండు మొహాల కన్నాలూ నేను గీసిచ్చాను. నా గీతలకి తేడా వస్తే తన మీసం తీసేస్తానన్నాడు. మన కారు మరమ్మతుల పుస్తకం నాలుగొందల పన్నెండు పేజీలు, రెండుసార్లు చదివాను. పదకొండు అచ్చుతప్పులున్నాయి.

నువ్వు కోసిన కన్నానికి రేకు వేసి అతికించేశాం.

నా మూడుకాళ్ళ కుందేలు సంగతంటావా, అదీ పరిగెడుతుంది. ఇకమీదట నీ దగ్గర్నుంచి ఉత్తరం వస్తే విప్పకుండా తిప్పి పంపుతాను.

అక్క


ఏప్రిల్ 14

అక్కా,

పెడల్ నేను పెట్టలేదు. విప్పి గోడవారగా పడేశాను. లారీ ఎక్కించేవాళ్ళు కారుతో పాటు వెళ్ళేదేమో అనుకుని సీటు మీద గిరాటేశారు. ఇది నమ్ము, మిగతాది నమ్మకపోయినా.

మిగతాది కూడా చెప్పేస్తాను. సామాన్లు దొరకవన్నాను. నేను వెతకనే లేదు. డిసెంబరులో ఆ గేర్‌బాక్సు విప్పాను. అప్పటికి దానికి పోయింది పెద్దగా ఏమీ లేదు, అరిగిన పట్టీ ఒకటి. లోపల వాల్వుల పలక అని ఉంటుంది, సన్నటి కాలవల మధ్య నూనె తిరిగే చోటు. అది ఎత్తగానే ఏడు చిన్న ఉక్కు గోళీలు జారి నేల మీద దొర్లాయి. ఏ గోళీ ఏ గుంటలోదో నాకు తెలియలేదు. బస్సుల్లో అలాంటివి ఉండవు. నా జన్మలో ఆటోమేటిక్ విప్పడం అదే మొదలు. మూడు వారాలు తంటాలు పడి, తోచినట్టు బిగించి నడిపి చూశాను. అప్పుడు మాడింది. కాల్చింది నేనే. ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి, ఆ మాట నీకెలా చెప్పను? మామూలు గేర్‌బాక్సు అయితే కళ్ళు మూసుకుని బిగిస్తాను గనక ఆ దారి పట్టాను.

ఇంకొకటి. నాన్న నీకు నేర్పుతుంటే నేను వెనక సీటులో ఉండేవాణ్ణి. నాకు పద్దెనిమిది నిండాక నాకూ నేర్పమన్నాను. 'నీకు రెండు కాళ్ళున్నాయి, నువ్వు బస్సు నేర్చుకో' అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు. ఆ కారు నేను ఒక్కరోజు కూడా రోడ్డు మీద నడపలేదక్కా.

ఇప్పుడు అసలు పని. ఈసారి తెలిసినవాళ్ళని ముగ్గురిని అడిగి రాస్తున్నాను. గేర్‌బాక్సు ముందు గుండ్రటి డబ్బాలాంటి కన్వర్టర్ ఉంటుంది, ఇంజను తిప్పుడుని నూనె ద్వారా లోపలికి పంపేది అదే. గేర్‌బాక్సుని ఇంజనుకి కలపకముందే దాన్ని లోపలికి నెడుతూ తిప్పాలి. టక్ మని ఒకసారి దిగుతుంది. దిగిపోయిందనిపిస్తుంది. కాదు. మళ్ళీ తిప్పితే రెండో టక్. ఇంకా తిప్పితే మూడోది. మూడూ వినపడితేనే అది కూర్చున్నట్టు. లేకపోతే నువ్వు బోల్టులు బిగించేటప్పుడు అది లోపలి నూనె పంపుని నలిపేస్తుంది. రెండు మొహాల మధ్య సందు కనిపిస్తే మాత్రం బోల్టులతో లాగొద్దు. ఈ ఒక్కటి గుర్తుంచుకో.

నీ తమ్ముడు


ఏప్రిల్ 19
(కవరు వెనక)

విప్పలేదు. పంపినవారికే చేర్చవలెను.


మే 28

తమ్ముడికి,

కారు నడిచాక రాద్దామనుకున్నాను. నడవలేదు.

నిన్నటిదాకా అంతా బాగానే ఉంది. పలక వచ్చింది. మేస్త్రీ మీసం నిలబడింది. వెనక చక్రాలకి వెళ్ళే కడ్డీని కొత్త గేర్‌బాక్సుకి సరిపడా కురచ చేశాం. ఆదివారం పొద్దున నేనూ మేస్త్రీ కారు కిందికి వెళ్ళాం. చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకున్నాక ఎవరి కాళ్ళూ పనిచెయ్యవు. అక్కడ నాకూ ఆయనకీ తేడా లేదు. పైగా నా చేతులు ఇన్నేళ్ళుగా కర్ర మీద ఒళ్ళంతా మోస్తున్నవి. గేర్‌బాక్సు బరువు ఆయనకంటే నేనే ఎక్కువ పట్టాను. అది చూసి ఆయన దిగ్గున లేచి కూర్చోబోయి తల పగలగొట్టుకోబోయాడు.

రెండు మొహాల మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. 'అమ్మా, ఈ సందు ఎందుకుందంటారు' అన్నాడు. కన్వర్టర్ పూర్తిగా కూర్చోవాలని పుస్తకంలో ఒక్క ముక్క ఉంది. టక్ మని దిగింది గనక కూర్చుందనే అనుకున్నాను. బోల్టులు లాగుతాయిలే అన్నాను. లాగాయి. ఇంజను తిప్పగానే లోపల ఇనుము ఇనుముని కొరికింది. ఆపేలోగా నేలంతా ఎర్రటి నూనె. విప్పి చూస్తే పంపు రెండు ముక్కలు.

మేస్త్రీ ఇంటికెళ్ళి భోంచేసి వచ్చి నూనె తుడిచాడు.

ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలీదు. కారు వెనక్కి పంపుతానని మాత్రం అనుకోకు. ఈ పంపు కాకపోతే ఇంకో పంపు.

అక్క


జూన్ 3

అక్కా,

ఇందులో ఉన్న కవరు ఏప్రిల్లో నువ్వు తిప్పి పంపిందే. నేనూ విప్పలేదు. ఈసారి విప్పు.

ఆదివారం పనిముట్లు పట్టుకుని రానా?

తమ్ముడు


జూన్ 8

చిన్నా,

విప్పాను. రెండోసారి చదివేటప్పుడు చేతిలో పెన్సిలు లేదు.

పేజీలో ఒక్క చుక్క తప్పిపోయినా పట్టుకునేదాన్ని, పేజీ చూడకుండానే తప్పని కొట్టేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. పంపు విరిగిన పాపం నాది. అందులో నీకు వాటా లేదు.

గోళీల సంగతి నాకు అప్పుడే చెప్పుంటే తిట్టేదాన్ని. తిట్టి, పుస్తకంలో బొమ్మ తీసి ఏది ఎక్కడిదో చూపించేదాన్ని. డెబ్భై ఆరో పేజీలో ఉంది. మనిద్దరం ఒకే కారుని చెరోసారి చంపాం, అడగడానికి మొహం చెల్లక.

నువ్వు దాన్ని ఒక్కసారి కూడా రోడ్డెక్కించలేదని నాకు తెలీదు. నీకు బస్సులంటే పిచ్చి గనక మన కారంటే చిన్నచూపనుకున్నాను. నాన్న అలా అన్నాడంటే ఆయనదీ తప్పే. నా కోసం చేసిన తప్పని నేను దాన్ని దిద్దకుండా వదలను.

ఆదివారం రావద్దు. కోపంతో కాదు. నువ్వు వచ్చి బిగిస్తే రేపు వీధిలో అందరూ తమ్ముడు చేసిపెట్టాడంటారు. నిజంగానే నువ్వు చేసిపెట్టినట్టవుతుంది. ఇది నేనే పూర్తిచెయ్యాలి. కానీ ఆ వ్యాను రకానికి పంపు మాత్రం ఇక్కడ దొరకడంలేదు. నీకు తుక్కు యార్డుల వాళ్ళందరూ తెలుసు. ఒకటి వెతికి పంపు. అడుగుతున్నాను, చూశావుగా.

అక్క


జూన్ 20

అక్కా,

పంపు పార్సిల్లో వస్తోంది. మూడు యార్డులు తిరిగాను. దొరికినదాన్ని విప్పి, కడిగి, అంచులు వేలితో తడిమి చూశాను. గీతల్లేవు. విప్పేటప్పుడు ప్రతి ముక్కనీ ఫొటో తీశాను. బుద్ధొచ్చింది.

రానులే. కానీ మూడో టక్ వినపడగానే నాకు రాయి. వినపడకపోతే బోల్టు ముట్టుకోకు.

నీ మరదలు నన్ను చూసి నవ్వుతోంది. అక్క రావద్దంటే రోజూ పోస్టు కోసం గేటు దగ్గర నిలబడ్డావేంటి అని.

తమ్ముడు


జూలై 15

చిన్నా,

టక్. వెంటనే టక్. మూడోది రాలేదు.

పావుగంట తిప్పాను. మేస్త్రీ తిప్పాడు. ఇక ఉండేదే ఇంత అన్నాడు. ఉండదు, ఇంకోటుందని తమ్ముడు రాశాడన్నాను. గేర్‌బాక్సుని మొహం పైకి వచ్చేలా నిలబెట్టి, కన్వర్టర్ బరువు దాని మీదే పడేలా చేసి మళ్ళీ తిప్పాను. టక్. వేలెడు లోపలికి దిగిపోయింది. మొదటిసారి మిగిలిన సందూ సరిగ్గా అంతే. ఈసారి రెండు మొహాలూ చేత్తో నెట్టగానే కలిశాయి.

ఇంజను తిప్పాం. ఏ చప్పుడూ లేదు. మీట 'ముందుకు' అన్న చోట పెట్టి బ్రేకు వదిలితే, షెడ్డు గుమ్మం నా వైపు రావడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రవాణా ఆఫీసు. కాగితాల్లో ఒక గేర్‌బాక్సు, కారులో ఇంకొకటి గనక తనిఖీ చెయ్యాలన్నారు. ఇన్‌స్పెక్టరు చిన్నవాడు. ముందు కారు చూశాడు, తర్వాత నా కర్ర చూశాడు. ఇది ఎవరు బిగించారని అడిగాడు. నేనూ లేత్ మేస్త్రీ అన్నాను. నవ్వలేదు గానీ నమ్మనూ లేదు. "అమ్మా, మీకెందుకీ శ్రమ? ఇంకెవరైనా నడిపిపెట్టొచ్చు కదా" అన్నాడు.

"నడపొచ్చు. కానీ ఇది నేను నడపడానికి చేసుకున్న కారు. మీరు పక్కన కూర్చోండి," అన్నాను.

కూర్చున్నాడు. తిన్నగా వంతెన మీదికి తీసుకెళ్ళాను. అక్టోబరులో జారిన చోటే, ఏటవాలులో, బ్రేకు తొక్కి కారుని నిలబెట్టాను. వెనక నిజంగానే లారీ ఉంది. ఆయన తలుపు పిడి పట్టుకున్నాడు. పది అంకెలు లెక్కపెట్టి కాలు తీశాను. కారు వెంట్రుకవాసి కూడా వెనక్కి రాలేదు, పైకే వెళ్ళింది. తిరిగొచ్చాక కాగితం మీద సంతకం పెడుతూ, ఆ పలక ఎవరు గీశారో ఇంకోసారి అడిగాడు. ఈసారి నమ్మాడు.

సోమవారం కారులోనే ప్రెస్సుకి వెళ్ళాను. దారిలో బస్సు స్టాపు దగ్గర ఆ కండక్టరు కనిపించాడు. హారను కొట్టాను. ఆయన అంత దూరం నుంచీ దండం పెట్టాడు.

ఇప్పుడు రా.

అక్క


ఆగస్టు 6

అక్కా,

క్షేమంగా చేరాను. నీ నుదుటి మీద బొప్పి తగ్గిందా? నీ మరదలికి చెబితే నన్ను ఇంట్లోకి రానివ్వనంది.

ఆ మలుపు దగ్గర వేగం తగ్గించాలని అనుకున్నానో లేదో, నా ఎడమకాలు దానంతటదే లేచి క్లచ్ కోసం వెళ్ళింది. అక్కడ క్లచ్ లేదు. ఉన్న వెడల్పాటి బ్రేకు మీద నా బలమంతా పడింది. రోజూ బాగుచేసిన బస్సులు నడిపి చూసే కాలు అది, మెత్తగా తొక్కడం తెలీదు. నువ్వు తిడితే బాగుండేది. "ఎడమకాలు వెనక్కి పెట్టుకో. ఇక్కడ దానికి పనిలేదు," అన్నావు, అంతే. సరేనన్నాను. వంద గజాలు వెళ్ళానో లేదో మళ్ళీ తొక్కాను. మూడోసారి నువ్వు నీ కర్ర అడ్డంగా పెట్టి, నా మోకాలిని సీటుకి నొక్కి పట్టుకున్నావు. నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి, అలాగే వంతెన దాకా వెళ్ళాను, వచ్చాను.

ఆ వంతెన దిగేటప్పుడు నువ్వు ఏదో చెబుతున్నావు గానీ నేను వినలేదు. నాలుగో గేరు ఎప్పుడు పడిందో తెలియనే లేదు. నేను చెయ్యి పెట్టని గేర్‌బాక్సు అంత మెత్తగా మారుతుంటే కొంచెం కడుపు మండింది. కొంచెమే. ఆ తర్వాత కళ్ళు చెమర్చాయి. నువ్వు చూశావని తెలుసు. కిటికీలోంచి దుమ్ము పడిందన్నాను గానీ అద్దాలు మూసే ఉన్నాయి.

కారులో సగం నాది కదా. వానలు తగ్గాక రెండు నెలలు ఇక్కడికి పంపుతావా? జాగ్రత్తగా చూసుకుంటాను.

నీ తమ్ముడు


ఆగస్టు 12

చిన్నా,

బొప్పి తగ్గింది. ప్రెస్సులో అందరికీ తలుపు తగిలిందని చెప్పాను. నిన్ను వెనకేసుకురావడం నాకు అలవాటే.

కారు పంపను. నీ సగం ఎక్కడికీ పోదు, నా సగంతో కలిసి ఇక్కడే ఉంటుంది. కావాలంటే వచ్చి వాడుకో. నెలనెలా రెండో ఆదివారం, పొద్దున ఎనిమిదింటికి, షెడ్డు దగ్గర. మేస్త్రీ కూడా వస్తానన్నాడు, వెనక సీటులో కూర్చుని నిన్ను చూడటానికి. పది నిమిషాలు ఆలస్యమైతే నీ కోసం ఆగను, తాళం నా దగ్గరే ఉంటుంది.

ఈసారి పెద్ద రోడ్డు మీదికి వెళ్దాం. నీ ఎడమకాలిని ఇంట్లో వదిలి రమ్మనలేను గనక, కర్ర నేను తెస్తాను.

అక్క